పాలమూరు డాబా మీద సోలార్: ఎన్ని కిలోవాట్లు, ఎక్కడ, ఎలా

(మహబూబ్‌నగర్‌లో కాలనీ వాసుల కోసం పెట్టిన అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ముందుకు వచ్చి కూర్చోండి, వెనక ఫ్యాను చప్పుడుకు మాట వినపడదు. కరెంటు బిల్లు తెచ్చుకొమ్మని చెప్పాం, చాలామంది తెచ్చుకున్నారు. మంచిది. ముందు దాన్నే చూద్దాం, ప్యానెల్ సంగతి తర్వాత.

సోలార్ అనగానే అందరి నోటా వచ్చే అంకె 78 వేలు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేల చొప్పున, మూడో కిలోవాట్‌కు 18 వేలు సబ్సిడీ ఇస్తారు. అక్కడితో ఆగిపోతుంది. 5 కిలోవాట్లు పెట్టినా 78 వేలే, 10 పెట్టినా 78 వేలే. అందుకే అమ్మేవాళ్లు ఏ ఇంటికి పోయినా "3 పెట్టించుకోండి సార్, ఫుల్ సబ్సిడీ వస్తది" అంటారు. మీ ఇంటికి ఎంత కావాలో సబ్సిడీకి ఏం తెలుసు? అది బిల్లుకే తెలుసు.

బిల్లులో యూనిట్ల ధర ఎట్లా పడుతుందో చూడండి. నెలకు 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు 1 రూపాయి 95 పైసలు, తర్వాతి 50 మూడు రూపాయల 10 పైసలు. 200 లోపు వాడే ఇంటికి మొదటి వంద 3.40, రెండో వంద 4.80. 200 దాటిందా, ఇగ ఆ చౌక ధరలేవీ ఉండవు. మొదటి 200 యూనిట్లకూ 5.10 వేస్తారు. 201 నుంచి 300 దాకా 7.70, 301 నుంచి 400 దాకా 9 రూపాయలు, 401 నుంచి 800 దాకా 9.50, ఆపైన 10. స్థిర చార్జీ, కస్టమర్ చార్జీ వేరు.

అంటే సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే యూనిట్ల చార్జీ 820 రూపాయలు. 201 కాలిస్తే 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్ ఎక్కువైనందుకు 207 రూపాయలు ఎక్కువ. సోలార్ లాభమంతా ఈ మెట్ల దగ్గరే ఉంది. మనం పుట్టించిన యూనిట్లు బిల్లులో పైనుంచి, అంటే ఖరీదైన యూనిట్ల నుంచి తగ్గుతూ వస్తాయి.

నెలకు 400 యూనిట్లు వాడే ఇల్లు తీసుకుందాం. యూనిట్ల చార్జీ 2,690 రూపాయలు. మన దగ్గర 1 కిలోవాట్ ప్యానెల్ ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్లు ఇస్తుందని లెక్క వేసుకోవచ్చు. 2 కిలోవాట్లు పెడితే 240 యూనిట్లు తగ్గి, 160 మిగులుతాయి. ఆ 160 యూనిట్లకు పడేది 628 రూపాయలు. నెలకు 2,062 రూపాయలు మిగిలినట్టు. అదే 3 కిలోవాట్లు పెడితే 40 యూనిట్లే మిగులుతాయి, 78 రూపాయలు. అంటే మూడో కిలోవాట్ వల్ల అదనంగా మిగిలింది 550 రూపాయలే.

ఇప్పుడు ఖర్చు పక్కన పెట్టి చూడండి. లెక్క సులువు కోసం కిలోవాట్‌కు 65 వేలు అనుకుందాం. కంపెనీని బట్టి, ప్యానెళ్లను నిలబెట్టే ఇనుప స్ట్రక్చర్ ఎత్తును బట్టి ఇది మారుతుంది. మొదటి 2 కిలోవాట్లకు లక్షా 30 వేలు, సబ్సిడీ 60 వేలు పోగా మన జేబులోంచి 70 వేలు. నెలకు 2,062 చొప్పున అది మూడేళ్ల లోపే తిరిగి వస్తుంది. మూడో కిలోవాట్‌కు సబ్సిడీ పోగా 47 వేలు. నెలకు 550 చొప్పున అది రావడానికి ఏడేళ్లు. ఏడేళ్లయినా నష్టం కాదు, ప్యానెల్‌కు 25 ఏళ్ల పనితనం వారంటీ ఉంటుంది. వచ్చే ఏడు ఇంకో ఏసీ కొనాలనో, ఎలక్ట్రిక్ బండి కొనాలనో ఉంటే 3 పెట్టండి. కానీ ఎందుకు పెడుతున్నారో తెలిసి పెట్టండి.

250 యూనిట్ల ఇల్లయితే? 1,405 రూపాయలు పడుతుంది. ఆ ఇంటికి ఒక్క కిలోవాట్ పెట్టినా 130 మిగిలి, బిల్లు 484కు దిగుతుంది. నెలకు 921 మిగులు. చిన్న సైజుకు కిలోవాట్ ధర కాస్త ఎక్కువ పడుతుంది కాబట్టి, అమ్మేవాడు 1 కిలోవాట్ పని మీద ఆసక్తి చూపించడు. అది అతని సంగతి.

ఇగ రేషన్ కార్డు మీద గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడుతూ సున్నా బిల్లు అందుకుంటున్నవాళ్లు ఇక్కడ ఉంటే, మీకు సోలార్ వల్ల మిగిలేది ఏమీ లేదు. మీరు ఆ డబ్బు ఇంకోదానికి వాడుకోండి. ఎవరైనా మీకు 3 కిలోవాట్లు అంటగట్టడానికి వస్తే టీ తాగించి పంపించండి.

ఒక్క నెల బిల్లు చూసి సైజు తేల్చొద్దు. ఏప్రిల్, మే బిల్లులు ఏసీ, కూలర్లతో పెరుగుతాయి, డిసెంబర్‌లో సగమవుతాయి. 12 నెలల యూనిట్లు కూడి 12తో భాగించండి. ఆ సగటుకు మించి ప్యానెల్ వేస్తే మిగులు యూనిట్లు తర్వాతి నెలలకు జమ అవుతాయి. ఆరు నెలలకోసారి లెక్క తేల్చేటప్పుడు ఇంకా మిగిలి ఉన్నవాటికి మనం కొనే ధర ఇవ్వరు. అమ్మకం కోసం ఇంటి మీద సోలార్ పెట్టడం తెలివైన పని కాదు.

బిల్లు మీద ఇంకో మూడు చూడండి. మొదటిది పేరు. దరఖాస్తు చేసే మనిషి పేరు, బిల్లు మీది పేరు ఒకటే ఉండాలి. పాత ఇళ్లల్లో సర్వీసు ఇప్పటికీ తాతగారి పేరు మీద ఉంటుంది. ముందు పేరు మార్పించుకోండి. ప్యానెల్ బిగించాక ఈ సంగతి బయటపడితే సబ్సిడీ మధ్యలో ఆగుతుంది. రెండోది కేటగిరీ. గృహ కేటగిరీ సర్వీసుకే ఈ సబ్సిడీ. కింద కిరాణా దుకాణం, పైన ఇల్లు, రెండింటికీ ఒకే కమర్షియల్ మీటరు ఉంటే రాదు. ఇంటికి వేరే మీటరు తీసుకోవాలి. మూడోది లోడు, అంటే మీ ఇంటికి మంజూరైన కిలోవాట్లు. చాలా బిల్లుల మీద 1 కిలోవాటో 2 కిలోవాట్లో ఉంటుంది. 10 కిలోవాట్ల వరకు సోలార్‌కు సాంకేతిక అనుమతి కోసం ఎదురుచూడాల్సిన పని ఇప్పుడు లేదు, లోడు కూడా సోలార్ సైజుకు తగ్గట్టు పెంచుతారు. పెరిగిన ప్రతి కిలోవాట్‌కు నెలనెలా స్థిర చార్జీ పడుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు.

దరఖాస్తు పని పెద్దదేం కాదు. పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో బిల్లు మీది యూఎస్‌సీ నంబర్‌తో నమోదు చేసుకోవాలి, పోర్టల్‌లో ఉన్న విక్రేతల్లోంచి ఒకరిని ఎంచుకోవాలి. బిగింపు అయ్యాక ఫోటోలు, ప్యానెల్ సీరియల్ నంబర్లు ఎక్కిస్తారు. విద్యుత్ సంస్థ వాళ్లు వచ్చి చూసి నెట్ మీటరు, అంటే లైన్ నుంచి తీసుకున్నదీ లైన్‌కు పంపిందీ రెండూ లెక్కపెట్టే మీటరు పెడతారు. ఆ తర్వాత మీ బ్యాంకు ఖాతా వివరాలు ఇస్తే సబ్సిడీ నేరుగా మీ ఖాతాలో పడుతుంది. విక్రేత ఖాతాలో పడేది కాదు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. సబ్సిడీ రావాలంటే లోపల కరెంటు పుట్టించే సెల్లు కూడా మన దేశంలోనే తయారైన ప్యానెల్ కావాలి, డీసీఆర్ ప్యానెల్ అంటారు. మామూలు ప్యానెల్ కంటే ఇది ఖరీదు. రెండు కొటేషన్ల మధ్య తేడా ఎక్కువగా ఉంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. జీఎస్టీ కూడా చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ సామాను మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. సామాను, బిగింపు కలిపి ఒకే కాంట్రాక్టుగా ఇస్తే 70 శాతం సామాను, 30 శాతం సర్వీసు లెక్కన మొత్తం మీద 8.9 శాతం పడుతుంది. పాత లెక్కలో అది 13.8. కొటేషన్‌లో ఇంకా పాత అంకే ఉంటే సరిచేయించండి.

ఇక డాబా మీదికి పోదాం. అసలు తప్పులన్నీ అక్కడే జరుగుతాయి.

మహబూబ్‌నగర్ 16.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, నల్లగొండ 17 డిగ్రీల మీద. కాబట్టి ప్యానెల్ దక్షిణం వైపు చూస్తూ 15 డిగ్రీల వాలులో ఉంటే సరిపోతుంది. 10 డిగ్రీలకు తగ్గితే వాన నీళ్లు దుమ్మును కడుక్కుంటూ జారవు, కింది అంచున బురద గీత పేరుకుంటుంది. దక్షిణం కుదరకపోతే తూర్పో పడమరో వేయండి, నష్టం 10 శాతం లోపే ఉంటుంది. ఆ కాస్త నష్టానికి భయపడి, నీడపడే దక్షిణంలో ఇరికించడం తెలివితక్కువ.

నీడ సంగతి జర శ్రద్ధగా వినండి. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి ఉత్తరం వైపున ఉంటాడు. ఎండాకాలంలో సర్వేకు వచ్చిన కుర్రాడు డాబా మీద నిలబడి చూస్తే ఎక్కడా నీడ కనపడదు. డిసెంబర్‌లో అదే సూర్యుడు మధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తులోనే, దక్షిణంగా ఉంటాడు. ఉదయం 9 ప్రాంతంలో, సాయంత్రం 3 దాటాక అయితే 30 డిగ్రీలే. అప్పుడు 1 మీటరు పిట్టగోడ నీడ 1.7 మీటర్లు పడుతుంది.

మన ఇళ్లల్లో వాస్తు ప్రకారం నీళ్ల ట్యాంకు నైరుతిలో ఉంటుంది. మెట్ల గది కూడా చాలాసార్లు ఆ పక్కనే. మెట్ల గది మీద ట్యాంకు పెడితే స్లాబు నుంచి 4 మీటర్ల ఎత్తు అవుతుంది. డిసెంబర్ సాయంత్రం 3 దాటాక దాని నీడ ఈశాన్యం వైపు 6.8 మీటర్లు పోతుంది: ఉత్తరంగా నాలుగున్నర, తూర్పుగా 5 మీటర్లు. 30 అడుగుల వెడల్పు డాబా మీద ఇది సగం దాకా వచ్చినట్టే. ఈశాన్యంలో ఎత్తు పెట్టొద్దంటారు పెద్దలు. ప్యానెల్ విషయంలో సూర్యుడు కూడా అదే చెబుతున్నాడు. ఆగ్నేయంలో, తూర్పు పిట్టగోడకు కాస్త దూరంగా పెట్టుకోండి. జాగా లేకపోతే మెట్ల గది కంటే ఎత్తుగా స్ట్రక్చర్ లేపాలి, ఖర్చవుతుంది.

చిన్న నీడే కదా అనుకోవద్దు. ఆరు ప్యానెళ్లు ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో ఉంటాయి, అన్నింటిలోంచి పారేది ఒకే కరెంటు. నీళ్ల పైపు ఒక్కచోట మడత పడితే చివరి నల్లా దగ్గర ధార ఎట్లా సన్నబడుతుందో, ఒక ప్యానెల్ మీద డిష్ యాంటెన్నా నీడ పడితే వరస మొత్తం అట్లా అవుతుంది. ప్యానెల్ వెనక ఉన్న బైపాస్ డయోడ్లు నీడపడ్డ భాగాన్ని పక్కన పెట్టి మిగతాదాన్ని నడిపిస్తాయి, కానీ ఆ భాగం ఉత్పత్తి పోయినట్టే. రోజూ అదేచోట నీడ పడితే డయోడ్ వేడెక్కి పాడవుతుంది కూడా. పిల్లలమర్రి నీడ చూడటానికి ఎంత బాగున్నా, పక్కింటి కానుగ కొమ్మ నీడ మన ప్యానెల్ మీద వద్దు. కొమ్మ కొట్టించే మాట పక్కింటివాళ్లతో బిగింపుకు ముందే మాట్లాడుకోండి.

కొలతలు చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. 540 వాట్ల ప్యానెల్ సుమారు 2.28 మీటర్ల పొడవు, 1.13 మీటర్ల వెడల్పు, 28 కిలోల బరువు. రెండువైపులా అద్దం ఉన్న రకం 32 కిలోల దాకా ఉంటుంది. 3 కిలోవాట్లకు ఇవి ఆరు. ఒకే వరసలో నిలువుగా పేరిస్తే 7 మీటర్ల పొడవు కావాలి. రెండు వరసలు వేస్తే ముందు వరస వెనక అంచు 60 సెంటీమీటర్లు లేస్తుంది కాబట్టి, రెండు వరసల మధ్య రెండున్నర అడుగులు ఖాళీ వదలాలి. నడిచే దారితో కలిపి కిలోవాట్‌కు 100 చదరపు అడుగులు అనుకోండి.

స్ట్రక్చర్ దగ్గర కక్కుర్తి పడొద్దు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే గాలిదుమారం మీకు తెలియనిది కాదు, రేకులు ఎగిరి పక్క వీధిలో పడతాయి. ప్యానెల్ కింద గాలి దూరితే పైకి లేపుతుంది. గంటకు 150 కిలోమీటర్ల గాలికి నిలిచేట్టు కట్టాలి. ఇనుమును పూర్తిగా కోసి, బెజ్జాలు కొట్టాక జింకులో ముంచిన రకం కావాలి, 80 మైక్రాన్ల పూత. ముందే పూత ఉన్న పైపు తెచ్చి డాబా మీద కోసి, వెల్డింగ్ చేసి వెండి రంగు పూస్తే రెండో వానాకాలానికే అతుకుల దగ్గర తుప్పు పడుతుంది. నట్లు, బోల్టులు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. స్లాబుకు బెజ్జం వేసి బోల్టు బిగిస్తే కెమికల్ యాంకర్ (బెజ్జంలో గట్టిపడే జిగురు) వాడాలి, దాని చుట్టూ కాంక్రీటు దిమ్మె పోయాలి. లేకపోతే వాన నీళ్లు బోల్టు వెంట దిగి పడకగదిలో చెమ్మ కనిపిస్తుంది. సిమెంటు రేకుల ఇల్లయితే రేకు మీద బరువు పెట్టకండి. గోడల నుంచో, నేల నుంచో స్తంభాలు లేపండి.

(సభలోంచి: "సార్, కరెంటు పోతే ఇది నడుస్తదా?")

నడవదు. ప్రతి ఇంట్లోనూ ఇదే పొరపాటు పడతారు, ముందే అడిగారు, సంతోషం. గ్రిడ్‌కు కలిపిన ఇన్వర్టరు, అంటే ప్యానెల్ డీసీని ఇంటి ఏసీగా మార్చే పెట్టె, లైన్‌లో కరెంటు లేకపోతే వెంటనే ఆగిపోవాలి. అది లోపం కాదు, రక్షణ. స్తంభం మీద లైన్‌మన్ పని చేస్తుంటే మీ ఇంటి నుంచి కరెంటు ఎదురు పోతే అతని ప్రాణం పోతుంది. కరెంటు లేనప్పుడూ కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ పెట్టుకోవాలి. బ్యాటరీకి సబ్సిడీ లేదు, కొన్నేళ్లకు మార్చాలి. టౌన్‌లో రోజుకు అరగంట కోత కోసం ఆ ఖర్చు పెట్టే బదులు, ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టరు బ్యాటరీనే ఫ్యాన్లకు, లైట్లకు ఉంచుకోండి. రెండూ పక్కపక్కన ఉండొచ్చు. అయితే సోలార్ తీగను తెచ్చి పాత ఇన్వర్టరు అవుట్‌పుట్‌లో కలపకూడదు, నేరుగా మెయిన్ వైపు కలపాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు సోలార్ ఇన్వర్టరు బ్యాటరీ ఇన్వర్టర్‌ను చూసి గ్రిడ్ ఉందనుకుంటుంది, ఏదో ఒకటి కాలుతుంది.

తీగల విషయానికి వద్దాం. ప్యానెల్ నుంచి ఇన్వర్టరు దాకా వచ్చేది డీసీ. ఆరు ప్యానెళ్ల వరసలో లోడు లేనప్పుడు దాదాపు 297 వోల్టులు ఉంటాయి, సుమారు 13 ఆంపియర్లు పారతాయి. దీనికి 4 చదరపు మిల్లీమీటర్ల సోలార్ డీసీ కేబులే వాడాలి, తగరం పూసిన రాగి తీగ, ఎండకు పగలని తొడుగు. ఇంటి వైరింగ్‌కు వాడే మామూలు తీగ మన ఎండకు త్వరలోనే పగుళ్లు వేస్తుంది. ప్యానెల్ తీగలను కలిపే ఎంసీ4 కనెక్టర్లు వాటి పనిముట్టుతోనే నొక్కాలి. కటింగ్ ప్లయర్‌తో నొక్కితే పట్టు వదులవుతుంది, వదులైనచోట వేడి పుడుతుంది. డీసీ మంట ఏసీ లాగా తనంతట తాను ఆరిపోదు, అతుకు కరిగి కారేదాకా మండుతుంది. ఒక కంపెనీ మగ కనెక్టర్‌ను ఇంకో కంపెనీ ఆడ కనెక్టర్‌కు గుచ్చడం కూడా ఇట్లాంటి ప్రమాదమే, బయటికి సరిగ్గా పట్టినట్టే కనిపిస్తుంది.

ఇన్వర్టరు నుంచి మీటరు దాకా ఏసీ తీగ. 3 కిలోవాట్లకు 13 ఆంపియర్లు, 30 మీటర్ల దూరం అనుకోండి. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే మూడున్నర వోల్టుల తేడా వస్తుంది. 2.5 వేస్తే దాదాపు 6 వోల్టులు. 6 వోల్టులతో ఏమవుతుందంటే, మన కరెంటు గ్రిడ్‌లోకి పోవాలంటే ఇన్వర్టరు దగ్గర వోల్టేజ్ మీటరు దగ్గరకంటే ఎక్కువ ఉండాలి. మధ్యాహ్నం కాలనీలో వాడకం తక్కువ ఉండి లైన్ వోల్టేజ్ ఇప్పటికే 245, 250 ఉంటే, ఈ 6 కలిసి ఇన్వర్టరు హద్దు దాటుతుంది, "గ్రిడ్ ఓవర్ వోల్టేజ్" అని ఆగిపోతుంది. సరిగ్గా ఎండ బాగున్న 11 నుంచి 2 మధ్యలోనే ఆగుతుంది. చాలామంది ఇన్వర్టరు చెడిందని మార్పిస్తారు, కొత్తదీ అట్లాగే ఆగుతుంది. ముందు తీగ లావు చూడండి, మీటరు దగ్గర అతుకులు చూడండి. అయినా ఇన్వర్టరు ఆగుతూనే ఉంటే ఆ సమయంలో మీటరు దగ్గర వోల్టేజ్ ఫోటో తీసి, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజ్ తగ్గించే అమరిక) మార్చమని సబ్‌స్టేషన్‌లో అర్జీ పెట్టండి.

ఇన్వర్టరు ఎక్కడ పెడతారు? పడమటి గోడ మీద వద్దు. 45 డిగ్రీలు దాటితే చాలా ఇన్వర్టర్లు తమను తాము కాపాడుకోవడానికి ఉత్పత్తి తగ్గిస్తాయి. నల్లగొండ, మిర్యాలగూడ వైపు మే నెలలో గాలే ఆ వేడిలో ఉంటుంది. ఉత్తరపు గోడకో, మెట్ల గది లోపలికో బిగించి, చుట్టూ జానెడు ఖాళీ వదలండి.

వేడి ప్యానెల్‌కూ నచ్చదు. ప్యానెల్ మీద రాసే 540 వాట్లు, సెల్లు 25 డిగ్రీలలో ఉన్నప్పటి అంకె. మేలో గాలి 42 ఉంటే సెల్లు 65 దాటుతుంది. మామూలు మోనో పెర్క్ ప్యానెల్‌కు డిగ్రీకి 0.35 శాతం చొప్పున, 40 డిగ్రీలకు 14 శాతం పోతుంది. టాప్‌కాన్ రకానికి డిగ్రీకి 0.30 ప్రాంతంలో ఉంటుంది, మన ఎండలకు అదే మేలు. 3.24 కిలోవాట్ల ప్యానెల్ పెట్టిన ఇంటివాళ్లు మధ్యాహ్నం ఇన్వర్టరు యాప్ తెరిచి రెండున్నర కిలోవాట్లే చూపిస్తోందని కంగారు పడతారు. కంగారు పడొద్దు, అది మామూలే. మిట్టమధ్యాహ్నం ఎండలో 2 కంటే తక్కువ ఉంటే మాత్రం పిలవండి. ప్యానెల్‌ను స్లాబుకు అతికించినట్టు పెట్టకుండా కింద గాలి ఆడనిస్తే సెల్లు కాస్త చల్లగా ఉంటుంది.

ఎర్తింగ్. మూడు గుంటలు కావాలి: డీసీ వైపు ఒకటి, ఏసీ వైపు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. పిడుగు కడ్డీ తీగ ప్యానెల్ ఫ్రేములకు తగలకుండా వేరే దారిలో నేరుగా కిందికి రావాలి. మన జిల్లాల్లో చిక్కేమిటంటే మూడడుగులు తవ్వితే బండ తగులుతుంది. బండలో కడ్డీ దిగక, పనివాళ్లు సగం కోసేసి పైన మూత పెట్టి పోతారు. మీటరుతో కొలిస్తే 5 ఓంలు దాటకూడదు, మీ ముందే కొలవమనండి. ఎక్కువ వస్తే డ్రిల్లు పెట్టి లోతుగా దించి తేమ పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి నింపాలి, లేదా రెండో కడ్డీని కడ్డీ పొడవు కంటే ఎక్కువ దూరంలో దింపి రెండూ కలపాలి. బాత్రూం నీళ్లు పోయే పక్కన, చెట్ల పాదుల దగ్గర తేమ నిలుస్తుంది, అక్కడ చూసుకోండి. డీసీ డబ్బాలో, ఏసీ డబ్బాలో సర్జ్ ప్రొటెక్షన్ పరికరం, అంటే పిడుగుకు ఎగిసే వోల్టేజ్‌ను ఆపేది ఉంటుంది. దాని కిటికీలో పచ్చరంగు పోయి ఎర్రరంగు వస్తే అది ఒకసారి దెబ్బ తిని పని అయిపోయిందని. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే అది ఉన్నా లేనట్టే.

కోతులు. నవ్వకండి, ఇక్కడి డాబాల మీద ప్యానెళ్లకు దుమ్ము తర్వాత పెద్ద శత్రువు అవే. వేలాడే తీగ కనపడితే ఊగుతాయి, లాగుతాయి. కేబుల్ అంతా ప్యానెల్ ఫ్రేము వెనక స్టీలు కట్లతో కట్టించండి, బయట కనిపించే భాగమంతా ఇనుప పైపులో పెట్టించండి. ప్లాస్టిక్ పైపును కొరికి పడేస్తాయి. ఇన్వర్టరుకు తాళం ఉన్న జాలీ పెట్టండి, దాని వైఫై డాంగిల్‌ను కూడా వదలవు. కనెక్టర్లు స్లాబు మీద పడి ఉంటే వాననీళ్లు చేరి ఇన్సులేషన్ ఫాల్ట్ వస్తుంది. వర్షం పడ్డ మర్నాడు పొద్దున ఇన్వర్టరు లేట్‌గా మొదలవుతుంటే అదే కారణం అయ్యుంటుంది.

శుభ్రం సంగతి. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా పదిహేను రోజులకోసారి కడగాలి. మిర్యాలగూడలో రైస్ మిల్లుల దగ్గర ఇళ్లకు ఊక బూడిద పడుతుంది, సిమెంటు ఫ్యాక్టరీల వైపు సిమెంటు దుమ్ము పడుతుంది, వాళ్లు వారానికోసారి. సిమెంటు దుమ్ము మీద పొద్దున మంచు పడితే అద్దానికి గట్టిగా పట్టుకుంటుంది. కడిగేది తెల్లవారుజామున గానీ, పొద్దు వాలాక గానీ. మండుటెండలో చల్లనీళ్లు పోస్తే అద్దం పగలొచ్చు, పైగా అప్పుడు తీగల్లో 250 వోల్టులు ఉంటాయి. బోరు నీళ్లు వద్దు. నల్లగొండ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు, ఇక్కడ కూడా చాలా బోర్లలో నీళ్లు గట్టివి. ఆరిపోయాక తెల్లటి గార మిగులుతుంది. ప్రతిసారీ ఒక పొర చేరి, ఏడాది తిరిగేసరికి గోకినా పోదు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు రెండు బకెట్లు పట్టి ఉంచుకోండి, మెత్తటి మాప్‌తో తుడవండి. సబ్బు పొడి, వైరు పీచు ముట్టకూడదు. ప్యానెల్ మీద కాలు పెట్టొద్దు. అద్దం పగలకపోయినా లోపల సెల్లు చిట్లుతుంది, ఆ చిట్లు ఏడాది రెండేళ్లకు ఉత్పత్తిలో కనిపిస్తుంది.

(సభలోంచి: "పైసలు ఎప్పుడెంత ఇయ్యాలె?")

మొత్తం ముందే ఇవ్వొద్దు. సామాను దిగినప్పుడు కొంత, బిగింపు అయ్యాక కొంత, నెట్ మీటరు పెట్టి నడక మొదలయ్యాక చివరి భాగం. ఆ చివరి భాగం చేతిలో ఉంటేనే నెట్ మీటరు కోసం అతను తిరుగుతాడు. 3 కిలోవాట్ల దాకా బ్యాంకులు పూచీకత్తు లేకుండా రుణం ఇస్తున్నాయి, అది తీసుకునేవాళ్లు కూడా డబ్బు విక్రేతకు ఏ దశలో విడుదల అవుతుందో బ్యాంకులో అడిగి తెలుసుకోండి. చివరి డబ్బు ఇచ్చేముందు మూడు కొలతలు మీ ముందు చేయించండి: వరస వోల్టేజ్, ఎర్తింగ్ ఓంలు, ఇన్సులేషన్. వోల్టేజ్ మండే ఎండలో 265 ప్రాంతంలో, చల్లటి పొద్దున 290 పైన ఉండాలి. 225, 245 అట్లా వస్తే ఒక ప్యానెల్ లెక్కలోంచి జారిపోయినట్టు. ప్రతి ప్యానెల్ సీరియల్ నంబర్, డీసీఆర్ ధ్రువపత్రం, ఇన్వర్టరు వారంటీ, ఐదేళ్ల నిర్వహణ కాగితం తీసుకోండి.

మీటరు వచ్చిన మొదటి రెండు నెలలు రీడింగ్ మీరే రాసుకోండి. నెట్ మీటరులో గ్రిడ్ నుంచి తీసుకున్నది ఒక అంకె, పంపింది ఇంకో అంకె. యాప్ చూపించేది మొత్తం ఉత్పత్తి, అందులో పగలు ఇంట్లోనే కాలిపోయింది పోగా మిగిలిందే ఎగుమతి. "యాప్‌లో 360 ఉంది, బిల్లులో 210 ఏ ఉంది, మోసం" అని ఆఫీసుకు పోయేవాళ్లు ఉన్నారు. మిగతా 150 మీ ఫ్రిజ్, మోటరు, ఫ్యాన్లు వాడేశాయి. నిజంగా తప్పు ఉండేది ఎక్కడంటే, ఎగుమతి అంకె బిల్లులోకి ఎక్కకుండా పాత పద్ధతిలోనే బిల్లు కొట్టినప్పుడు. అప్పుడు మీటరు ఫోటోతో కరెంటు బిల్లులు చూసే ఈఆర్వో ఆఫీసుకు పోండి.

(సభలోంచి: "రెండేండ్లకు పైన ఇంకో అంతస్తు ఏద్దామనుకుంటున్నం. ఇప్పుడే పెట్టుకోవచ్చునా?")

పెట్టుకోవచ్చు, కానీ కొన్ని మాటలు ముందే కాంట్రాక్టులో రాయించండి. స్ట్రక్చర్ మొత్తం బోల్టులతోనే బిగించాలి, డాబా మీద వెల్డింగ్ ఉండొద్దు. కాళ్లు రేపు లేపబోయే పిల్లర్ల చువ్వలకు అడ్డం రాకూడదు. ఇన్వర్టరును ఇప్పుడే కింది అంతస్తులో బిగించండి, అప్పుడు విప్పినప్పుడు కదిలేది ప్యానెళ్లు, డీసీ తీగే. ఒక అంతస్తు ఎత్తుకు సరిపడా డీసీ కేబుల్, రెండు తీగలకూ చెరి 4 మీటర్లు, పైపులో చుట్టి వదలమనండి. ఇప్పుడు దానికయ్యే ఖర్చు తక్కువ, తర్వాత మధ్యలో అతుకు వేయాల్సిన అవసరం ఉండదు. విప్పి మళ్లీ బిగించే కూలి ఐదేళ్ల నిర్వహణలోకి రాదు, దాని రేటు కూడా ఇప్పుడే రాయించుకోండి.